తేమ సెన్సర్‌ను పరీక్షించే ముందు జాగ్రత్తలు

1. అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఉష్ణోగ్రత. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సంతృప్త బాష్పపీడనం (గాలి పట్టగలిగినంత నీటి ఆవిరి ఉన్నప్పుడు ఆ ఆవిరి కలిగించే పీడనం) సుమారు 6 శాతం పెరుగుతుంది. అంటే గాలిలోని నీటి ఆవిరి ఏమాత్రం మారకపోయినా 50 శాతం ఉన్న సాపేక్ష ఆర్ద్రత (ఆ ఉష్ణోగ్రత వద్ద ఉండగల గరిష్ఠ ఆవిరిలో ఇప్పుడున్న ఆవిరి ఎంత శాతమో చెప్పేది) దాదాపు 47 శాతానికి దిగుతుంది, ఆ తేడాను మనం సెన్సర్‌పై పూసిన పదార్థపు స్పందనగా పొరబడే ప్రమాదం ఉంది. కాబట్టి పరీక్ష పాత్ర, అందులో తేమను స్థిరపరచే లవణ ద్రావణం, సెన్సర్ మూడూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేవరకు కొలత మొదలుపెట్టకూడదు.

2. సంతృప్త లవణ ద్రావణాలతో తేమను స్థిరపరచేటప్పుడు అడుగున కరగని లవణం తప్పనిసరిగా మిగిలి ఉండాలి. 25 డిగ్రీల వద్ద మెగ్నీషియం క్లోరైడ్ సుమారు 33, సోడియం క్లోరైడ్ 75, పొటాషియం సల్ఫేట్ 97 శాతం ఆర్ద్రతనిస్తాయి. ద్రావణపు తుంపర సెన్సర్ పూతపై పడితే ఆ నమూనాను పక్కన పెట్టడమే మంచిది.

3. తేమను బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సర్‌కు ఏకముఖ విద్యుత్తు (డీసీ) ఇవ్వకండి. అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పేరుకుపోయి రీడింగు క్రమంగా పక్కకు జరుగుతుంది. ఏకాంతర విద్యుత్తు (ఏసీ)తోనే కొలవాలి.

4. తేమ పెరిగేటప్పుడు, తగ్గేటప్పుడు రీడింగులు ఒకేలా రావు గనుక ఏ దిశలో కొలిచారో ప్రతి వరుసలోనూ రాసిపెట్టాలి.