ఆగస్టులో ఆర్‌ఏగా చేరబోతున్నారా? ముందే చూసుకోవాల్సినవి

అమెరికా యూనివర్సిటీల్లో ఆర్‌ఏ, అంటే డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్)లోనే ఉంటూ అక్కడి విద్యార్థుల బాగోగులు చూసే రెసిడెంట్ అడ్వైజర్ ఉద్యోగం అనగానే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది ఫ్రీ రూమ్. చాలా చోట్ల మీల్ ప్లాన్ కూడా ఇస్తారు. అద్దె మిగులుతుందంటే ఎవరికైనా ఆశే. కానీ ఆ గది ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే సెమిస్టర్ మధ్యలోనైనా గది ఖాళీ చేయాల్సి రావచ్చు. సంతకం పెట్టకముందే కాంట్రాక్టు మొత్తం చదవండి. ఏ కారణాలకు తీసేస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజులిస్తారు, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో డ్యూటీ ఉంటుందా, ఇవన్నీ అందులో వెతకండి.

ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఇప్పటికే టీఏ (టీచింగ్ అసిస్టెంట్)గా 20 గంటలు చేస్తుంటే దీనికి చోటే లేదు. రాత్రి ఆన్‌కాల్ (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే) గంటల్ని ఎలా లెక్కేస్తారో హౌసింగ్ ఆఫీసునూ ఇంటర్నేషనల్ ఆఫీసునూ ఈమెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోండి. "ఏం కాదులే" అని సీనియర్లు చెప్పిన మాట వీసా విషయంలో పనికిరాదు. అక్కడే పెరిగి ఫైనాన్షియల్ ఎయిడ్ తీసుకునే పిల్లలైతే, ఫ్రీ రూమ్ వల్ల ఎయిడ్ తగ్గుతుందేమో కనుక్కోండి.

అన్నిటికంటే ఎక్కువ సిద్ధపడాల్సింది ఒక మాటకి. "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను అక్కా" అని ఎవరో ఒకరు మీ తలుపు కొడతారు. ఆ మాట ఇవ్వొద్దు. లైంగిక వేధింపు, దాడి గురించి తెలిస్తే అలాంటి ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసుకు చెప్పి తీరాలన్న నిబంధన చాలా యూనివర్సిటీల్లో ఆర్‌ఏలకు ఉంటుంది. అందుకే వాళ్లు మొదలుపెట్టకముందే ఇలా చెప్పండి: "నువ్వు చెప్పేదంతా వింటాను. కానీ కొన్ని విషయాలు నేను పైవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. ఎవరికీ తెలియకుండా మాట్లాడాలంటే కౌన్సెలర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను." తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఈ మాటలు నోటికి వచ్చేదాకా పలికి చూసుకోండి. ఇంట్లో విషయం గడప దాటకూడదని నేర్చుకుంటూ పెరిగినవాళ్లం మనం. భాష కలిసిందన్న ధైర్యంతో మీ దగ్గరికే వచ్చిన తెలుగు పిల్లల విషయంలో ఇది ఇంకా కష్టంగా ఉంటుంది.

చనిపోవాలనుందని ఎవరైనా సూచనగా అన్నా సరే, నేరుగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు. 2022 జులై నుంచి దేశమంతా అదే నంబర్. ప్రాణం మీదికొచ్చిందనిపిస్తే ఎమర్జెన్సీ నంబర్ 911కి చేయండి. ఆ పిల్లవాణ్ని ఒంటరిగా వదలకుండా, డ్యూటీలో ఉన్న ప్రొఫెషనల్ స్టాఫ్‌ను వెంటనే పిలవండి. తెల్లవార్లూ ఒక్కరే కూర్చుని ఓదార్చడం మీ పని కాదు, అందులో ప్రమాదం కూడా ఉంది. కంగారులో హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు మీరే ఫోన్ చేయకండి. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో స్టాఫ్ తేలుస్తారు. తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకండి, పేరు లేకుండా కూడా. ఆ గ్రూపులో ఎవరన్నది క్షణంలో పోల్చేసుకుంటారు.

మందు కొట్టడానికి అక్కడ చట్టప్రకారం 21 ఏళ్లుండాలి. ఫస్టియర్ వాళ్లు 18, 19లో ఉంటారు. లేపితే లేవడం లేదు, ఊపిరి నెమ్మదించింది, ఒళ్లు చల్లబడింది అంటే "పడుకుంటే దిగిపోతుంది" అన్న స్నేహితుల మాట వినొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 911కి చేయండి. సాయం కోసం పిలిచినవాళ్లపై మద్యం కేసు పెట్టకుండా చాలా క్యాంపస్‌లలో మినహాయింపు ఉంటుంది. మీ క్యాంపస్‌లో ఉందో లేదో కనుక్కుని మొదటి ఫ్లోర్ మీటింగ్‌లోనే అందరికీ చెప్పండి.

తలుపుల దగ్గర మొహమాటం పనికిరాదు. 1986లో లీహై యూనివర్సిటీ డార్మ్‌లో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయి హత్యకు గురైంది. తలుపులు మూసుకోకుండా ఎవరో అడ్డు పెట్టి ఉంచారు, హంతకుడు వాటిగుండానే లోపలికొచ్చాడు. క్యాంపస్ నేరాలను బయటపెట్టాలన్న చట్టం ఆమె పేరు మీదే ఉంది. అడ్డు పెట్టిన తలుపు కనిపిస్తే ప్రతిసారీ మూసేయండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఫైర్ అలారం కూడా అంతే. 2000 జనవరిలో న్యూజెర్సీలోని సీటన్ హాల్ డార్మ్ మంటల్లో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అంతకుముందు ఉత్తుత్తి అలారాలు చాలాసార్లు మోగడంతో ఆ రాత్రి కొందరు దాన్ని పట్టించుకోలేదు. మన తాలింపు పొగకీ అలారం మోగుతుంది కాబట్టి, వండేటప్పుడు స్టవ్ దగ్గర్నుంచి కదలొద్దని చెప్పండి. చేరిన కొద్ది రోజులకే వినాయక చవితి వస్తుంది. గదిలో దీపం, అగరుబత్తీ సాధారణంగా నిషేధం. బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోమనండి, లేదా కామన్ హాల్లో పూజకు ముందే అనుమతి తీసుకోండి.

ఇక మీ సంగతి. డ్యూటీ రాత్రి తర్వాత పొద్దున ఎనిమిదింటి క్లాసు పెట్టుకోకండి. మొదటి సెమిస్టర్‌లో బరువైన కోర్సులన్నీ ఒకేసారి తీసుకోవద్దు. పిల్లలు రాకముందు ఒకసారి బిల్డింగ్ అంతా తిరిగి మెట్లదారులు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే మెట్లు దిగలేనివాళ్ల గదులు చూసి పెట్టుకోండి. డ్యూటీ నంబర్లు ఫోన్లోనే కాక కాగితం మీద కూడా రాసి తలుపు లోపలివైపు అంటించండి.