ఒక్క మిషను, మూడు కాలేజీలు: దూరపు ల్యాబ్‌కి వంతులు వేసుకోవడం ఎలా

ఉన్నది ఒక్క ల్యాబ్ మిషను, ప్రయోగాలకి దాన్ని వాడుకోవాల్సినవి మూడు కాలేజీలు. ఒకటి భీమవరం వైపు, ఒకటి అమలాపురం వైపు, ఇంకోటి రాజోలు వైపు. ఇదివరకు రాజోలు వైపు పిల్లలు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, నర్సాపురంలో బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు. తీరా వచ్చాక కరెంటు లేకపోతే టిఫిన్ తిని వెనక్కి వెళ్లేవాళ్లు. ఆ తిప్పలు పడలేకే మిషనుకి కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లోంచి నడిపేలా చేశాం. అదేమంత పెద్ద పని కాదండీ, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, అది చెబితే పనిచేసే రిలే స్విచ్చులు నాలుగు, ఒక వెబ్‌క్యామ్ చాలు. ఎవరు ఎప్పుడు వాడాలన్న దగ్గరే అసలు తలనొప్పి. మీరూ ఇలాంటిది మొదలుపెడుతుంటే, మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండటానికి రాస్తున్నాను.

మొదట, మీకు నిజంగా వంతులు కావాలా అన్నది చూసుకోండి. మన దేశంలో కేంద్ర విద్యాశాఖ సాయంతో నడిచే వర్చువల్ ల్యాబ్స్‌లో ఎక్కువ భాగం సిమ్యులేషన్లే, వాటిని ఎంతమంది ఒకేసారి తెరిచినా గొడవ లేదు. వెనకాల నిజం పరికరం ఉన్నప్పుడే ఈ వంతుల గోల. అందులోనూ అన్ని పరికరాలకీ ఒకే పద్ధతి పనికిరాదు.

డయోడ్ ప్రయోగం తీసుకోండి. వోల్టేజి ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎంతెంత చొప్పున పెరగాలి అన్నవి నింపి విద్యార్థి బటన్ నొక్కుతాడు. మా మిషను 20 సెకన్లలో కొలిచి గ్రాఫ్ ఇచ్చేస్తుంది, మధ్యలో అతను చేసేదేం లేదు. దీనికి టైంటేబుల్ వేయడం దండగ, క్యూ పెట్టేయండి. 90 జట్లు ఒకేసారి నొక్కినా 1800 సెకన్లు, అంటే అరగంటలో అందరి పనీ అయిపోతుంది. 1998లో ఎంఐటీలో హెసూస్ డెల్ అలామో మొదలుపెట్టిన వెబ్‌ల్యాబ్ ట్రాన్సిస్టర్లను కొలిచింది ఈ పద్ధతిలోనే. స్వీడన్‌లోని బ్లెకింగే ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన విజిర్ ల్యాబ్‌లో విద్యార్థి తెర మీద సర్క్యూట్ కలిపితే అవతల రిలేలు నిజంగానే కలుపుతాయి. ఒక్కో కొలతకి సెకను కూడా పట్టదు కాబట్టి ఒకే పరికరాన్ని చాలామంది ఒకే సమయంలో వాడుతున్నా, ఎవరికి వారికి తమదే అన్నట్టు ఉంటుంది.

లోహపు కడ్డీని ఒక చివర వేడి చేసి పొడవునా ఉష్ణోగ్రతలు చూసే ప్రయోగం అలా కాదు. వేడి ఎక్కువైతే విద్యార్థి తగ్గించాలి, ఫ్యాన్ వేయాలి, చూస్తూ కూర్చోవాలి. దీనికి 30 నిమిషాలు పడుతుంది, తర్వాతి జట్టుకి ఇచ్చేముందు కడ్డీ చల్లారడానికి మరో 45. మొదటి నెల మేం ఈ చల్లారే టైమును లెక్కలో వేయలేదు. రెండో జట్టుకి కడ్డీ ముందే వేడిగా ఉంది, వాళ్లు ఏం అనకుండా రికార్డులో అంకెలు సర్దేసుకున్నారు, అందరివీ ఒకేలా ఉండటంతో మేడం పట్టుకున్నారు. కాబట్టి స్లాట్ అంటే పని చేసే టైము, మిషను మళ్లీ మామూలు స్థితికి వచ్చే టైము, రెండూ కలిపి.

ఇప్పుడు లెక్క వేయండి. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా 16 గంటలు, అంటే 960 నిమిషాలు. ఒక్కో స్లాట్ 75 నిమిషాలు, రోజుకి 12 స్లాట్లు. 180 మంది విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున 90 జట్లు, ఎనిమిది రోజులు. కరెంటు, నెట్, పండగలు కలుపుకుని పది రోజులనుకోండి. ఈ లెక్క సెమిస్టరు మొదట్లోనే కాగితం మీద పెట్టి మూడు కాలేజీలకీ ఇచ్చేయాలి, లేకపోతే పరీక్షల ముందు వారం అందరూ ఒకేసారి మీద పడతారు, ఎవరికి చెప్పినా వినరు.

ఇక పంపకం. ముందు వచ్చినవాళ్లకి ముందు అని బుకింగ్ తెరిచాం. మంచి నెట్ ఉన్న పెద్ద కాలేజీ పిల్లలు మొదటి రాత్రే సాయంత్రం స్లాట్లన్నీ ఎగరేసుకుపోయారు, దూరపువాళ్లకి మిగిలినవి పొద్దున ఆరు, మధ్యాహ్నం ఒంటిగంట. కాలవ ఎగువన ఉన్నవాడు తూము తెరుచుకుంటే శివారు చేలకి నీరందదని డెల్టాలో ఎవరికి చెప్పాలి? దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్లు చాలని ఏడాది వంతులవారీగా ఎలా వదులుతారో, ఇక్కడా అలాగే చేశాం. ల్యాబ్ చూసేవాళ్లు కాలేజీలకి గంటలు పంచుతారు, ఆ గంటల్లో ఏ జట్టు ఎప్పుడన్నది కాలేజీ చూసుకుంటుంది. కాలవ వంతు నీటిపారుదల శాఖది, చేలల్లోకి వెళ్లే బోదె వంతు రైతులది అన్నమాట. ఇదేమీ మా సొంత తెలివి కాదు, ఎంఐటీ వాళ్ల ఐల్యాబ్ వ్యవస్థలోనూ ల్యాబ్ వైపు ఒక షెడ్యూలింగ్ సర్వర్, వాడేవాళ్ల వైపు ఇంకోటి విడిగా ఉండేవి. మేం కలిపిందల్లా ఒక్కటే, సాయంత్రం స్లాట్లు వారానికో కాలేజీకి మారతాయి, ఆ వరస శివారు నుంచి మొదలవుతుంది.

జట్టుకి ఒక్క బుకింగే చేతిలో ఉండాలి, అది వాడాకే రెండోది. ఏడు రోజులకి మించి ముందుగా తెరవకండి. స్లాట్ మొదలయ్యాక ఐదు నిమిషాల్లో లాగిన్ కాకపోతే అది వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి వెళ్లిపోవాలి. రెండుసార్లు ఎగ్గొడితే ఆ వారానికి చివరికి నెట్టండి. డబ్బు జరిమానా మాత్రం వద్దు, మేం అనుకున్నాం గానీ వసూలు చేసే టెన్షన్ మిషను కంటే పెద్దదని మానేశాం. లాగిన్లు జట్టుకి ఒకటి కాకుండా ఒక్కొక్కరికి విడిగా ఇవ్వండి, పాస్‌వర్డులు చేతులు మారుతూనే ఉంటాయి, కనీసం ఎవరి పేరు మీద ఏం జరిగిందో లాగ్‌లో తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ మీరే రాస్తుంటే రెండు జాగ్రత్తలు. 10 నుంచి 11:15 స్లాట్‌లో 10 ఉంటుంది, 11:15 ఉండదు, అది తర్వాతివాళ్లది. ఇలా అనుకుంటే పక్కపక్క స్లాట్లు ఢీకొనవు. ఒకరి మొదలు ఇంకొకరి చివరికంటే ముందుండి, ఇంకొకరి మొదలు ఒకరి చివరికంటే ముందుంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు. ఈ తనిఖీ పేజీలో పెడితే చాలదు, ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది. డేటాబేసే ఒప్పుకోకూడదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు అయితే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడే బుకింగులను అదే తిప్పికొడుతుంది. రెండోది, టైములు ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో దాచి, చూపించేటప్పుడే మన టైముకి మార్చండి. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతే సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తుంది. అది కనిపిస్తే మాత్రం కారణం వెతుక్కోనక్కర్లేదు.

బుకింగ్ ఉండటం వేరు, మిషను తలుపు తెరుచుకోవడం వేరు. స్లాట్ మొదలైనప్పుడు మిషను నడపడానికి తాళంచెవిలా ఇచ్చే టోకెన్ పని టైము అయ్యేసరికి దానంతటదే చెల్లకుండా పోవాలి. దాన్ని మీరు చేత్తో రద్దు చేయాల్సిన అవసరం రాకూడదు. పేజీ మూసేస్తే హీటర్ ఆగిపోతుందని నమ్మకండి. ఒక సాయంత్రం ఒక జట్టువాళ్లు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి వెళ్లిపోయారు, హీటర్ ఎవరూ ఆపలేదు, నేను వేరే పని మీద కెమెరా చూశాను కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి విద్యార్థి పేజీ తెరిచి ఉన్నంతసేపే సర్వర్ రెండు సెకన్లకోసారి మిషనుకి 'ఉన్నాను' అని చెబుతుంది, పది సెకన్లు ఆ మాట వినపడకపోతే మిషను దగ్గరి చిన్న బోర్డే రిలే తెంపేస్తుంది. ఈ పని సర్వర్‌కి అప్పగిస్తే లాభం లేదు, నెట్ పోయినప్పుడు అదీ చేతులెత్తేస్తుంది. కరెంటు పోయి వచ్చాక కూడా రిలేలు తెరిచే, అంటే కరెంటు పారకుండానే ఉండాలి, మనిషి చెబితేనే మూసుకోవాలి.

కరెంటు వల్ల పోయిన స్లాట్ ఎగ్గొట్టిన దాని కింద లెక్క కాదు. ఆ జట్టు వెయిటింగ్‌లో ముందుకి రావాలి, అదీ సాఫ్ట్‌వేరే చేయాలి. మనం చేత్తో చేస్తే మా అబ్బాయికి, మీ అమ్మాయికి అని మాట వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం మొహమాటపడకుండా ఆ రోజుల బుకింగులన్నీ ముందే ఆపేసి, ప్లగ్గు పీకేయండి.

ఇంత చేసినా కాలవ లాకు దగ్గర కాపలాకి లస్కరు ఉన్నట్టు మిషను దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే. వేడిని కొలిచే థర్మోకపుల్ ఊడిపోయినా, కెమెరా ముందు సాలెగూడు పట్టినా సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుస్తుంది? రోజుకి రెండుసార్లు వెళ్లి చూసేలా మాట్లాడుకోండి. ఆ మనిషి ఫోన్ నంబరు పేజీలో పైనే పెట్టండి. టైమైపోతున్న పిల్లలు పేజీ కింది దాకా వెళ్లి వెతకరు, తిన్నగా మీకే చేస్తారు, అదీ భోజనం దగ్గర కూర్చున్నప్పుడు.