ఫోన్ కొట్టేశారా? పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇలా ఇవ్వండి

ఫోన్‌ని ఎక్కడో మర్చిపోయినా "పోయింది" అంటాం, కోఠిలో బస్సెక్కుతుంటే జేబులోంచి కొట్టేసినా "పోయింది" అనే అంటాం. ఇంట్లో చెప్పుకోవడానికి ఆ మాట సరిపోతుంది. స్టేషన్‌లో కాగితం మీద మాత్రం దానితోనే చిక్కు. ఒకసారి నేను కూడా "నా ఫోన్ పోయినది" అని రాసిచ్చాను. బస్సులో ఎవరో తీశారని నోటితో చెప్పాను గానీ రాయలేదు. పోగొట్టుకున్న వస్తువు కింద రసీదు చేతిలో పెట్టి పంపించేశారు. తప్పు సగం నాదే.

అందుకే ముందు జరిగిందేమిటో తేల్చుకోండి. మీరే ఆటోలో మర్చిపోతే అది నేరం కాదు, దానికి ఎఫ్ఐఆర్ ఉండదు. తెలియకుండా జేబులోంచి తీస్తే దొంగతనం, భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్. బైకు మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతే 304. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం, లాక్కుపోవడాన్ని విడిగా నేరం చేసింది. సెక్షన్ నంబర్లు మీరు రాయక్కర్లేదు, అది వాళ్ల పని.

బయలుదేరే ముందే వేరే ఫోన్ నుంచి సిమ్ బ్లాక్ చేయించండి, బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. ఖాతాలోంచి డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి.

ఏ స్టేషన్‌కి వెళ్లాలన్నది అందరికీ వచ్చే టెన్షన్. కోఠిలో బస్సెక్కారు, చాదర్‌ఘాట్ దాటాక మలక్‌పేటలో జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఎక్కడ తీశారో దేవుడికే తెలియాలి. "ఇది మా పరిధి కాదు" అనే మాట వినాల్సి రావచ్చు. కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అలా కట్టేదే జీరో ఎఫ్ఐఆర్. తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కి పంపిస్తారు. అయినా చోటు కచ్చితంగా తెలిస్తే నేరుగా అక్కడికే వెళ్లండి. చివరికి దర్యాప్తు చేసేది వాళ్లే కాబట్టి మీకు ఒక తిరుగుడు తప్పుతుంది.

దరఖాస్తు తెలుగులో తెల్ల కాగితం మీద రాసినా చాలు. పైన "స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి" అని, కింద మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, అందుబాటులో ఉన్న వేరే నంబరు. అసలు విషయం ఇలా ఉండాలి: "ఫలానా తేదీన సాయంత్రం సుమారు 6:30 గంటలకు కోఠి బస్టాపులో దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే బస్సు ఎక్కాను. అప్పుడు ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. మలక్‌పేటలో చూసుకునేసరికి లేదు. గుర్తు తెలియని వ్యక్తులు దొంగిలించారు. కేసు నమోదు చేసి ఫోన్ ఇప్పించగలరు." ఆ వెంట కంపెనీ, మోడల్, రంగు, పెట్టె మీద ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, విలువ రాయండి.

విలువ రాయడం మర్చిపోవద్దు. రూ. 5,000 లోపు వస్తువు దొంగతనాన్ని కొత్త చట్టం నాన్ కాగ్నిజబుల్ చేసింది. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. బిల్లు ఉంటే జత చేయండి.

రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అది దరఖాస్తు అందిందనడానికి గుర్తు మాత్రమే, ఎఫ్ఐఆర్ కాదు. రెండూ ఒకటే అనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఎఫ్ఐఆర్‌కి నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. సంతకం పెట్టే ముందు చదవండి, ముఖ్యంగా టైము, చోటు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో కేసు కట్టే ముందు డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. మన హైదరాబాద్‌లో ఆ స్థాయి అధికారి ఏసీపీ. "ఎంక్వైరీ నడుస్తోంది" అంటే ఏ తేదీ నుంచో అడగండి.

కేసు కట్టేది లేదంటే? గొడవ పడకండి. అదే ఫిర్యాదును డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఇక ఫోన్ బ్లాక్ చేయడానికి టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో సీఈఐఆర్ అనే సేవ ఉంది. దానికి పోలీసులు ఇచ్చిన ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు కావాలి. ఓటీపీ కోసం అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. కొత్త సిమ్‌కి మెసేజ్‌లు రావడానికి ఒక రోజు పట్టొచ్చు, అప్పటిదాకా ఓటీపీ రాలేదని కంగారు పడకండి. చివర్లో ఒక రిక్వెస్ట్ ఐడీ వస్తుంది. దాన్ని ఎఫ్ఐఆర్ కాపీ వెనకాల రాసి పెట్టుకోండి. రేపు ఫోన్ దొరికినా ఆ ఐడీతో అన్‌బ్లాక్ చేయిస్తేనే అందులో సిమ్ పనిచేస్తుంది.