గొంతును కొలవడం నేర్చుకుందాం – 4: ఒకే ‘ఆ’, వేరు వేరు అంకెలు

గత పాఠంలో మీ గొంతుతో ఈ, ఆ, ఊ పలికి, ధ్వనిని విశ్లేషించే ప్రాట్ ప్రోగ్రాంలో మొదటి రెండు ఫార్మెంట్లు (అచ్చు పలికినప్పుడు నోటిలో, గొంతులో బలంగా మోగే పౌనఃపున్యాలు) కొలిచారు. ఇప్పుడు అదే పని మరో ఇద్దరి గొంతులతో చేయండి. ముగ్గురిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వీలైతే పదేళ్ల లోపు పిల్లలు ఒకరు ఉండేలా చూసుకోండి. అంకెలను పక్కపక్కన రాస్తే ఒకరివి ఒకరితో కలవవు. చెవికి మాత్రం ముగ్గురూ పలికింది ‘ఆ’ గానే వినిపిస్తుంది.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. గొంతు సన్నగా ఉండడం వేరు, ఫార్మెంట్లు ఎక్కువగా ఉండడం వేరు. శ్రుతి అంటే స్వరతంత్రులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తున్నాయన్న లెక్క. మామూలు మాటలో అది పురుషులకు సగటున 120 హెర్ట్జ్, స్త్రీలకు 210, పిల్లలకు 300 దరిదాపుల్లో ఉంటుంది. ఫార్మెంట్లు ఆ తంత్రుల పైనుంచి పెదవుల దాకా ఉన్న గాలి మార్గంలో పుట్టే అనునాదాలు. నోటి అమరిక కదలకుండా ‘ఆ’ను తగ్గు శ్రుతిలో ఒకసారి, హెచ్చు శ్రుతిలో ఒకసారి పలికి కొలవండి. శ్రుతి బాగా మారుతుంది, ఫార్మెంట్లు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. గుసగుసగా పలికితే తంత్రులు కంపించనే కంపించవు. అయినా అది ‘ఆ’ అని తెలుస్తూనే ఉంటుంది. ఈ ప్రయోగం చేయకుండా ముందుకు వెళ్లకండి, తరువాతి లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

ఆ గాలి మార్గం పొడవు పురుషులలో సుమారు 17 సెంటీమీటర్లు, స్త్రీలలో 14–15, పిల్లలలో ఇంకా తక్కువ. నాలుక ఎటూ వంగకుండా తటస్థంగా ఉంటే, దాన్ని ఒక కొస మూసిన గొట్టంగా భావించవచ్చు. ధ్వని వేగాన్ని పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే మొదటి అనునాదం వస్తుంది. వేగం సెకనుకు 350 మీటర్లు అనుకుంటే 17.5 సెంటీమీటర్ల గొట్టానికి 500 హెర్ట్జ్, 14 సెంటీమీటర్ల గొట్టానికి 625.

అలాగైతే పొడవుల నిష్పత్తితో గుణిస్తే ఒకరి అంకెలు ఇంకొకరివిగా మారిపోవాలి కదా? మారవు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం ఇదే. 1952లో బెల్ ప్రయోగశాలలకు చెందిన పీటర్సన్, బార్నీ 76 మంది పలికిన ఆంగ్ల అచ్చుల కొలతలను ప్రచురించారు. ‘ఈ’ వంటి అచ్చుకు రెండో ఫార్మెంటు పురుషుల సగటు 2290, స్త్రీల సగటు 2790: అంటే 22 శాతం ఎక్కువ. ‘ఆ’కు 1090, 1220: తేడా 12 శాతమే. ‘ఊ’కు 870, 950: 9 శాతం. యుక్తవయసులో మగపిల్లల స్వరపేటిక కిందికి దిగి, నోటి కన్నా గొంతు భాగం ఎక్కువగా సాగుతుంది. అందువల్ల ఒక్కో అచ్చు దగ్గర తేడా ఒక్కో విధంగా ఉంటుంది.

అదే పట్టికలో మరో విశేషం ఉంది. మొదటి, రెండో ఫార్మెంట్లను వరుసగా చూస్తే, పురుషుల ‘ఆ’ 730, 1090 దగ్గర ఉంటే, ఆ–ఓల మధ్యగా పలికే ఇంకో అచ్చు పిల్లల నోట 680, 1060 దగ్గర ఉంది. అచ్చులు వేరు, అంకెలు ఇంచుమించు ఒకటే! కాబట్టి అంకె ఒక్కటే చూసి ఇది ఫలానా అచ్చు అని చెప్పలేం. 1957లో లాడ్‌ఫోగెడ్, బ్రాడ్‌బెంట్ చేసిన ప్రయోగంలో, ముందు వినిపించిన వాక్యంలోని ఫార్మెంట్లను మారిస్తే శ్రోతలకు అదే పదం వేరే పదంగా వినిపించింది. మన చెవి మాట్లాడే మనిషిని బట్టి కొలబద్దను సరిచేసుకుంటుంది.

మనమూ కాగితం మీద అదే చేద్దాం. ఇది 1971లో లొబనోవ్ ప్రతిపాదించిన పద్ధతి. ఒక్కొక్కరి మొదటి ఫార్మెంట్ల సగటు కట్టండి, ప్రతి అంకెలోంచి దాన్ని తీసివేయండి, వచ్చినదాన్ని ప్రామాణిక విచలనంతో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో) భాగించండి. పురుషుల సగటులు ఈ, ఆ, ఊలకు 270, 730, 300. వాటి సగటు 433, విచలనం 257, ఫలితం –0.63, 1.15, –0.52. పిల్లలవి 370, 1030, 430. సగటు 610, విచలనం 365; ఫలితం –0.66, 1.15, –0.49. మూడు వందల హెర్ట్జ్ దూరంలో ఉన్న రెండు ‘ఆ’లు ఒకేచోటికి వచ్చాయి. రెండో ఫార్మెంటుకు ఇదే లెక్కను విడిగా చేయాలి. అందరి నుంచీ అవే అచ్చులు తీసుకోవాలి. ఒకరి దగ్గర ‘ఊ’ లేకపోతే వారి సగటే పక్కకు జరిగి లెక్క చెడుతుంది.

కొలిచేటప్పుడు ప్రాట్‌లో ఫార్మెంట్ల గరిష్ఠ పరిమితిని మనిషిని బట్టి మార్చండి: పురుషులకు 5000 హెర్ట్జ్, స్త్రీలకు 5500, పిల్లలకు ఇంకా ఎక్కువ. పిల్లల గొంతు విషయంలో, ఫార్మెంట్లు ఇక్కడున్నాయని ప్రాట్ చూపే ఎర్ర చుక్కలను గుడ్డిగా నమ్మకండి. శ్రుతి 300 ఉంటే శక్తి 300, 600, 900ల దగ్గరే ఉంటుంది. 370 దగ్గరి ఫార్మెంటు ఆ ఖాళీలో పడి, కొలత దగ్గరలో శక్తి ఉన్నచోటు వైపు, అంటే 300 వైపు, జరుగుతుంది. అలాంటిచోట ఒకే అచ్చును నాలుగైదు శ్రుతులలో పలికించి, మధ్యస్థ విలువ తీసుకోండి.

వచ్చే పాఠానికి మీ ముగ్గురి అంకెలనూ రెండు గ్రాఫులుగా గీయండి, ఒకటి హెర్ట్జ్‌లలో, ఇంకొకటి సవరించిన విలువలతో. మొదటి ఫార్మెంటును పైనుంచి కిందికి, రెండోదాన్ని కుడి నుంచి ఎడమకు పెరిగేలా గుర్తించండి. రెండో గ్రాఫులో కూడా దగ్గరికి రాని చుక్కలుంటే చుట్టూ గీత గీసి ఉంచండి. అవి యాస వల్ల వచ్చాయా, కొలత వల్ల వచ్చాయా అన్నది అక్కడి నుంచే మొదలుపెడదాం.