ఫోన్ మార్చే ముందు స్మార్ట్‌వాచ్ డేటా దాచుకోవడం ఎలా?

మా నాన్నగారు రోజూ పొద్దున్నే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో నడుస్తారు. పోయినేడాది ఆయనకి కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది రీసెట్ చేసి ఇచ్చేశాం, వాచీ చేతికే ఉంది కదా, లెక్కలన్నీ అందులోనే ఉంటాయనుకున్నాం. తీరా కొత్త ఫోన్‌కి కలిపి చూస్తే ఎనిమిది నెలల నడక, గుండె వేగం, నిద్ర, ఒక్కటీ లేదు. ఆయన యాప్‌లో లాగిన్ అవకుండా గెస్ట్‌గా వాడుతున్నారని అప్పుడు తెలిసింది. డాక్టరుగారికి చూపిద్దామని దాచుకున్నవి అవి. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మామూలుగా వాచీ దగ్గర ఉండేది కొద్ది రోజుల లెక్కే, మిగతాదంతా బ్లూటూత్ మీద ఫోన్‌లోని యాప్‌కి వెళ్లిపోతుంది. కాబట్టి మనం కాపాడుకోవాల్సింది యాప్‌లో ఉన్నదాన్ని.

1. యాప్ తెరిచి ప్రొఫైల్‌లో ఎవరి మెయిల్ ఐడీ ఉందో చూడండి. షాపులో కుర్రాడు సెట్ చేసి ఇచ్చిన వాచీ అయితే తప్పకుండా చూడాలి. గెస్ట్ అని ఉంటే సొంత మెయిల్‌తో లాగిన్ అవ్వాలి, కానీ కొన్ని యాప్‌లలో లాగిన్ అవగానే గెస్ట్ లెక్కలు పోవచ్చు, అందుకని ముందే నెలవారీ పేజీలకి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

2. బ్లూటూత్, నెట్ ఆన్ చేసి యాప్ మొదటి పేజీని కిందికి లాగండి. సింక్ (వాచీలోని లెక్కలు యాప్‌లోకి చేరడం) పూర్తయ్యేదాకా ఆగండి.

3. ఇక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. శామ్‌సంగ్ వాచీకి రెండు చోట్ల చూడాలి: నడక, నిద్ర లాంటివి శామ్‌సంగ్ హెల్త్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌తో సింక్ ఆన్ చేస్తేనే భద్రం, వాచీ సెట్టింగ్‌లు మాత్రం గెలాక్సీ వేరబుల్ యాప్ నుంచి బ్యాకప్ అవుతాయి. చాలామంది రెండోది చేసి మొదటిది మర్చిపోతారు. యాపిల్ వాచ్‌కి విడిగా బ్యాకప్ బటన్ ఉండదు, ఐఫోన్‌లోని వాచ్ యాప్‌లో అన్‌పెయిర్ చేసేటప్పుడు (అంటే వాచీని ఫోన్ నుంచి విడదీసేటప్పుడు) అదే ఐఫోన్‌లోకి బ్యాకప్ తీసుకుంటుంది, ఆ తర్వాత ఐఫోన్‌ని ఐక్లౌడ్‌లోకో కంప్యూటర్‌లోకో బ్యాకప్ చేయాలి. కంప్యూటర్‌లోకి అయితే ఎన్‌క్రిప్ట్ (పాస్‌వర్డ్‌తో తాళం వేయడం) అన్న గడిలో టిక్ పెట్టి ఒక పాస్‌వర్డ్ ఇవ్వండి, లేకపోతే ఆరోగ్యం లెక్కలు అందులోకి రావు. ఆ పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసుకోండి, మర్చిపోతే ఆ బ్యాకప్ తెరుచుకోదు.

4. వీలైతే సొంతంగా ఒక కాపీ దించుకోండి. ఐఫోన్ హెల్త్ యాప్‌లో మీ ఫొటో మీద నొక్కితే కింద ఎక్స్‌పోర్ట్ ఆల్ హెల్త్ డేటా అని ఉంటుంది, జిప్ ఫైల్ వస్తుంది. శామ్‌సంగ్ హెల్త్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ పర్సనల్ డేటా అని ఉంటుంది. దాన్ని పెన్ డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో వేసుకోండి.

5. ఇప్పుడు పరీక్ష. ఇంట్లో ఇంకో ఫోన్‌లో అదే యాప్ వేసి, అదే మెయిల్‌తో లాగిన్ అయి, రెండు మూడు నెలల కిందటి తేదీ తెరవండి. ఆ రోజు అడుగులు కనిపిస్తే సరే. ఐఫోన్ వాళ్లైతే పాత ఫోన్ అలాగే ఉంచి, కొత్తదాంట్లో రీస్టోర్ అయ్యాక చూసుకోవాలి.

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇస్తుంటే, ఈ అయిదూ ఇంట్లోనే ముగించుకుని వెళ్లండి. షాపులో హడావిడిగా ఉంటారు, "రీసెట్ కొట్టేయమంటారా అన్నా?" అని అడిగేసరికి మనం సరేననేస్తాం.