కారు ఏసీలోంచి ముక్క వాసన వస్తోందా? పర్ఫ్యూమ్ కొనేముందు నీళ్ళు ఎక్కడ ఆగాయో చూడండి

బెజవాడలో కారు వాడేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. పొద్దున్నే కారెక్కి ఏసీ నొక్కగానే మొదటి రెండు మూడు నిమిషాలు ఆరీ ఆరని బట్టల వాసన గుప్పుమని మొహానికి కొడుతుంది, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కంప్రెసర్ కట్ అయ్యి మళ్ళీ ఆన్ అయిందంటే మళ్ళీ అదే వాసన. దానికి మనవాళ్ళు చేసేది ఏంటంటే వెంట్ కి ఒక పర్ఫ్యూమ్ తగిలించేస్తారు, అది చాలకపోతే డాష్ బోర్డ్ మీద జెల్ డబ్బా ఒకటి. దాంతో ఆ వాసనా ఈ వాసనా కలిసి ఇంకో రకం వాసన తయారై వెనక సీట్లో పిల్లలకి కళ్ళు తిరిగి వాంతులవుతాయి తప్ప అసలు సంగతి పోదు. డస్ట్ ఎలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దండి, ఎందుకంటే ఆ వాసన వస్తోందంటే లోపల బూజు ఉన్నట్టు, ఆ గాలే వాళ్ళు పీలుస్తున్నట్టు.

అసలు వాసన ఎందుకొస్తుందో ఒక్కసారి అర్థం చేసుకుంటే మిగతాదంతా ఈజీ. డాష్ బోర్డ్ లోపల, ఎక్కువ కార్లలో మధ్య నుంచి ఎడమవైపుకి, కూలింగ్ కాయిల్ ఉంటుంది, దాన్నే ఎవాపరేటర్ అంటారు. ఏసీ నడుస్తున్నంతసేపు అది చాలా చల్లగా ఉంటుంది కాబట్టి, ఫ్రిజ్ లోంచి తీసిన స్టీలు చెంబుకి బయట చెమట పట్టినట్టే, గాల్లో తేమంతా దాని మీద నీళ్ళుగా మారుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు మనది, జులై నుంచి అక్టోబర్ దాకా గాల్లో ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో కారు ఏసీ లీటర్లకి లీటర్లు నీళ్ళు తీస్తుంది. ఆ నీళ్ళు డ్రెయిన్ పైపులోంచి రోడ్డు మీద పడిపోవాలి, చాలావరకు పడతాయి కూడా, కానీ మనం ఇంటికొచ్చి ఇంజిన్ ఆపేసరికి కాయిల్ రెక్కల మధ్య కొంత తడి ఉండిపోతుంది. చీకటి, తడి, ఎండలో పెట్టిన కారైతే వేడి, దానికి తోడు రోడ్డు దుమ్ము. బూజు పట్టడానికి ఇంకేం కావాలి.

కాబట్టి మొదట చేయాల్సింది క్లీనింగ్ కాదు, వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడం. రాత్రంతా అద్దాలు మూసి ఉన్న కారు డోర్ పొద్దున్నే తీసి, ఏసీ కాదు కదా ఇంజిన్ కూడా ఆన్ చేయకుండా తల లోపల పెట్టి వాసన చూడండి. అప్పుడే ముక్క వాసన వస్తోందంటే అనుమానం కార్పెట్ మీద, మ్యాట్ల మీద, డిక్కీ మీద పెట్టుకోండి. అప్పుడు ఏమీ లేకుండా బ్లోయర్ వేశాకే వస్తోందంటే అది కాయిల్ లేదా ఫిల్టర్. బయటి గాలి మోడ్ లో మాత్రమే వచ్చి, లోపలి గాలి మోడ్ కి మార్చగానే తగ్గిపోతోందంటే బానెట్ వైపు ఏదో కుళ్ళుతోందని. ఇది చూడకుండా డైరెక్ట్ గా మెకానిక్ దగ్గరికి వెళ్తే అందరికీ ఒకటే మందు, ఏసీ సర్వీస్ అని బిల్లు.

తర్వాత డ్రెయిన్ చెక్ చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. కారు సమంగా ఉన్న చోట ఆపి, ఏసీ ఫుల్లుగా పెట్టి పది పదిహేను నిమిషాలు వదిలేసి కిందకి వంగి చూడండి, ముందు భాగంలో, చాలా కార్లకి ఎడమవైపు, నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతూ ఉండాలి. ఏసీ బాగా చల్లగా వస్తూ, ఉక్కగా ఉన్న రోజు కూడా చుక్క పడట్లేదంటే పైపు మూసుకుపోయి ఉండొచ్చు. ఎడమ ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాట్ తడిగా ఉన్నా, మలుపు తిరిగినప్పుడు డాష్ బోర్డ్ వెనక నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించినా అదే కారణం అయ్యుండొచ్చు. ఆ రబ్బరు పైపు చివర మట్టి గడ్డకట్టి ఉంటుంది, పొలాల వైపు కచ్చా రోడ్లలో తిరిగే కార్లకి ఇంకా ఎక్కువ. ర్యాంప్ మీద ఎక్కించి మెకానిక్ చేత తీయించుకోవడం మంచిది, ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి మాత్రం ఎవరూ దూరొద్దు. గట్టి ఇనప తీగ లోపలి దాకా పొడవనివ్వకండి, కాయిల్ కి తగిలితే చిన్న పని పెద్దదైపోతుంది.

ఇక ఫిల్టర్. చాలామందికి ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ తెలుసు గానీ, మనం పీల్చే గాలికి వేరే ఫిల్టర్ ఉందని తెలీదు. దాన్ని క్యాబిన్ ఫిల్టర్ అంటారు, షాపులో ఏసీ ఫిల్టర్ అన్నా ఇస్తారు. ఎక్కువ కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. బాక్స్ లో సామానంతా తీసేసి, పక్కనున్న చిన్న స్టాపర్ తప్పించి, రెండు పక్కలా లోపలికి నొక్కితే బాక్స్ మొత్తం కిందికి వేలాడుతుంది, వెనక పొడుగాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని క్లిప్పు నొక్కి లాగితే ఫిల్టర్ వచ్చేస్తుంది. లాగేటప్పుడు నిదానంగా లాగండి, లేకపోతే మీద పేరుకున్న చెత్తంతా లోపల బ్లోయర్ లో పడుతుంది. కొత్తప్పుడు తెల్లగా ఉండే పేపర్ మడతల్లో వేపాకులు, దోమలు, ఈకలు, బూడిదరంగు దుమ్ము, ఒక్కోసారి ఎలక పెంటికలు కూడా ఉంటాయి. గుంటూరులో మిర్చి యార్డు వైపు సీజన్లో రోజూ తిరిగే కార్లలో అయితే ఎర్ర దుమ్ము కూడా పట్టి ఉండొచ్చు, దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఘాటుకి తుమ్ములు ఆగవు.

పేపర్ ఫిల్టర్ ని కడగకండి. కడిగి ఎండబెట్టి మళ్ళీ పెడితే మడతల మధ్య తడి ఉండిపోయి అదే కొత్త బూజుకి ఇల్లవుతుంది. కొన్ని వందల రూపాయల వస్తువు, మార్చేయండి. సాధారణంగా ఏడాదికోసారి లేదా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకి మార్చమంటారు గానీ, మన దుమ్ముకి ఆరు నెలలకోసారి తీసి చూడటం మంచిది, వానాకాలం అయిపోయాక తప్పకుండా. దొరికితే యాక్టివేటెడ్ చార్కోల్, అంటే వాసన పీల్చుకునే బొగ్గు పొర ఉన్నది తీసుకోండి, బయటి పొగ వాసన, మురికి కాలవల వాసన బాగా ఆపుతుంది. కొత్తది పెట్టేటప్పుడు పక్కన బాణం గుర్తు ఉంటుంది, పాతది ఎటు చూస్తోందో తీసేముందే ఫోన్లో ఫోటో తీసుకోండి. కొన్ని పాత మోడల్స్ కి, బేస్ వేరియంట్లకి కంపెనీ నుంచి ఫిల్టరే ఉండదు, ఖాళీ స్లాట్ మాత్రం ఉంటుంది, మూత తీసి చూసి అలా ఉంటే సరిపడే సైజు అడిగి వేయించుకోండి.

చెట్టు కింద కారు పెట్టేవాళ్ళు ఇంకోటి చూడాలి. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూశారా, బయటి గాలి లోపలికి వెళ్ళేది అక్కణ్ణుంచే. కానుగ, వేప ఆకులు ఆ సందులోకి జారిపోయి వానకి నాని కుళ్ళిపోతాయి, పైగా అక్కడి నీళ్ళు పోయే దారి మూసుకుంటే వాన నీళ్ళు ఏకంగా బ్లోయర్ వైపుకి వస్తాయి. బానెట్ ఎత్తి చేతికందినంత వరకు ఏరేయండి.

ఫిల్టర్ మార్చి, డ్రెయిన్ బాగుండి, అయినా వాసన ఉందంటే అప్పుడు కాయిల్ క్లీనింగ్. ఎవాపరేటర్ ఫోమ్ క్లీనర్ అని పొడుగు ట్యూబ్ ఉన్న స్ప్రే డబ్బాలు వస్తాయి, ఆటోనగర్ లో స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి. ఇంజిన్ ఆఫ్, బ్లోయర్ ఆఫ్, ఫిల్టర్ బయట. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్త, కొన్ని కార్లలో ఫిల్టర్ తీసిన ఖాళీలోంచి టార్చి వేస్తే కాయిల్ రెక్కలు కనిపిస్తాయి, వాటికి అక్కణ్ణుంచే ట్యూబ్ పెట్టి కొట్టొచ్చు. కొన్నిట్లో ఆ ఖాళీ కింద బ్లోయర్ మోటార్ ఉంటుంది, అక్కడ ఫోమ్ కొడితే మోటార్ తడిసిపోతుంది, వాటికి డ్రెయిన్ పైపు వైపు నుంచి పైకి కొట్టాలి. అందుకే టార్చి వేసి చూడకుండా కొట్టకండి. ఫోమ్ కొట్టాక డబ్బా మీద రాసినంతసేపు, సుమారు ఇరవై ముప్పై నిమిషాలు, వదిలేయాలి. నురగ కరిగి డ్రెయిన్ లోంచి కారుతుంది, కింద పాత పేపర్ పరిచి చూడండి, మొదట నల్లగా జిగురుగా వచ్చి మెల్లగా పలచబడుతుంది. పూర్తిగా కారడం ఆగాక అద్దాలన్నీ దించి బ్లోయర్ ఫుల్లు పెట్టి ఆరబెట్టాలి, మనుషులు బయటే ఉండాలి, కొత్త ఫిల్టర్ ఆఖర్న పెట్టాలి.

ఫినాయిల్, బ్లీచింగ్ నీళ్ళు, బాత్రూమ్ యాసిడ్ లాంటివి ఎవరు చెప్పినా కాయిల్ మీద కొట్టొద్దు. అది అల్యూమినియం, తినేస్తుంది, కన్నం పడితే గ్యాస్ పోతుంది. ఆ ఆవిర్లు మళ్ళీ మన ముక్కులోకే వస్తాయి కూడా. వెంట్ లో కర్పూరం బిళ్ళలు వేయడం కూడా వద్దు, కింద ఎక్కడ పడతాయో తెలీదు.

ఆరబెట్టడానికి హీటర్ బాగా పనికొస్తుంది, మన ఊళ్ళో దాన్ని ఎవరూ ముట్టుకోరు గానీ ఇక్కడ వాడండి. ఇంజిన్ వేడెక్కాక ఏసీ బటన్ ఆఫ్ చేసి, టెంపరేచర్ పూర్తిగా ఎరుపు వైపుకి తిప్పి, బయటి గాలి మోడ్ లో ఫ్యాన్ ఫుల్లు పెట్టి, అద్దాలు దించి పది నిమిషాలు. ఇది ఆరుబయట మాత్రమే చేయండి, అపార్ట్ మెంట్ సెల్లార్ లోనో షట్టర్ వేసిన గ్యారేజీలోనో ఇంజిన్ అలా నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాలకే ముప్పు.

ఇప్పుడు అసలైన మాట, పైవన్నీ చేసినా ఈ అలవాటు చేసుకోకపోతే కొన్నాళ్ళకి మళ్ళీ అదే వాసన. ఇంటికి చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందే ఏసీ బటన్ ఆఫ్ చేసి, ఫ్యాన్ మాత్రం నడవనివ్వండి, బయటి గాలి మోడ్ లో. గుంటూరు నుంచి వస్తుంటే వారధి దిగాక, ఇల్లు పటమట వైపైతే బెంజి సర్కిల్ దాటాక ఆఫ్ చేసేయొచ్చు. ఆటోమేటిక్ క్లైమేట్ ఉన్న కార్లలో మొత్తం ఆఫ్ బటన్ నొక్కకండి, ఏసీ అని ఉన్న లైట్ ఒక్కటే ఆరిపోవాలి, గాలి వస్తూనే ఉండాలి. మే నెల ఎండలో ఆ మూడు నిమిషాలు చెమట పడుతుంది, నిజమే, కానీ కాయిల్ తడి చాలావరకు ఆరిపోతుంది. ఎప్పుడూ లోపలి గాలి మోడ్ లోనే నడపడం కూడా మంచిది కాదు, ట్రాఫిక్ పొగ లేని చోట, హైవే మీద కాసేపైనా బయటి గాలి రానివ్వండి.

వాసన కార్పెట్ లోంచి అయితే కథ వేరు. పైన పొడిగా కనిపించినా కింద ఫోమ్ పొర ఉంటుంది, అది నీళ్ళు పట్టిందంటే వారాల తరబడి ఆరదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, చెమ్మ తగులుతుంది. మ్యాట్లు తీసి ఎండలో వేయడం, పాలో పెరుగో ఒలికిన చోట తడిగుడ్డతో తుడిచి వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు. కానీ వరద నీళ్ళు ఎక్కిన కారుకి అది చాలదు. 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి, అలాంటి బండికి సీట్లు విప్పి కార్పెట్ మొత్తం బయటికి తీసి కడిగి ఎండబెట్టాల్సిందే. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్ బ్యాగ్ వి, బ్యాటరీ తీయకుండా వాటిని ముట్టుకోకూడదు, తెలిసినవాళ్ళకే ఇవ్వండి. సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్ళినప్పుడు లోపల పర్ఫ్యూమ్ మరీ ఘాటుగా ఉంటే, సీట్ బెల్ట్ ని చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద చార ఉంటే నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అదే చెప్తుంది.

కొన్ని వాసనలకి మాత్రం ఈ పద్ధతులేవీ పనికిరావు. తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపల జిడ్డు పొర పడుతుంటే ఇంజిన్ ని చల్లబరిచే కూలెంట్ లీకవుతోందేమో, డాష్ బోర్డ్ లోపల ఆ కూలెంట్ తిరిగే హీటర్ కోర్ చూపించండి. పెట్రోల్ వాసన, వైరు కాలిన వాసన వస్తే బండి పక్కకి ఆపి దిగిపోండి, ఆ రోజు ఇక నడపొద్దు. చచ్చిన ఎలక వాసన అందరికీ తెలిసిందే, బానెట్ కింద, బ్లోయర్ లోపల వెతికించాలి.

ఫోమ్ తో కూడా పోకపోతే చివరి దారి డాష్ బోర్డ్ విప్పి కాయిల్ బయటికి తీసి కడగడం. చాలా కార్లకి గ్యాస్ తీసి మళ్ళీ నింపాలి, ఒక రోజు పడుతుంది, విప్పిన డాష్ బోర్డ్ సరిగ్గా బిగించకపోతే తర్వాత గతుకుల్లో కిరకిరలు మొదలవుతాయి, అందుకే వెళ్ళగానే దీనికి ఒప్పుకోకండి. ముందు చిన్న కెమెరా పెట్టి కాయిల్ ఎలా ఉందో చూపించమనండి, ఇప్పుడు చాలా షాపుల్లో ఉంటోంది. తీయక తప్పదంటే తీశాక మీరు ఎదురుగా ఉండి చూడండి, రెక్కలు వంగకుండా తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడిగించండి, పైపుల జాయింట్ల దగ్గరుండే రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేయించండి, గ్యాస్ ఎక్కించేముందు వ్యాక్యూమ్ పంప్ పెట్టి లీక్ లేదని మీటర్ మీద చూపించాకే డబ్బులివ్వండి.