మీ కొలతలకే రెండు రంగుల క్రోషే టాప్: లెక్క, అల్లిక, అతుకు

ముందుపక్క ఒక ముక్క, వెనకపక్క ఒక ముక్క, రెండూ దాదాపు దీర్ఘచతురస్రాలే. చైన్, సింగిల్, డబుల్ వేయడం వస్తే ఈ టాప్ అల్లేయొచ్చు. ఇతరుల ప్యాటర్న్‌లో ఉన్న సైజుల జోలికి పోనక్కర్లేదు. మీ చేతి బిగువు, మీ దారం, మీ ఒంటి కొలత, ఈ మూడింటినీ కలిపేది ఒక చిన్న నమూనా ముక్క. దాన్ని సరిగ్గా అల్లి, ఉతికి, కొలిస్తే తక్కినదంతా గుణకారం, భాగహారమే.

ఒక మాట ముందే. ఇక్కడ వాడే పేర్లు అమెరికా పద్ధతివి. ఇక్కడి డబుల్ బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ అవుతుంది, ఇక్కడి సింగిల్ అక్కడ డబుల్ అవుతుంది. హుక్ మీద ఒక చుట్టు చుట్టి, మూడు లూపులు చేసి, రెండేసి చొప్పున రెండుసార్లు లాగేదే మనం అనుకునే డబుల్.

దారం, రంగులు

కాటన్ గానీ, కాటన్ కలిసిన దారం గానీ డీకే మందంలో (మరీ సన్నమూ మరీ లావూ కాని దారం) తీసుకోండి. హుక్ 4 మి.మీ., అంచులకు 3.5 మి.మీ. వీటితో పాటు కొలత టేపు, మొద్దు మొన ఉన్న పెద్ద సూది, ఓ పది మార్కర్లు కావాలి. మార్కర్లు లేకపోతే వేరే రంగు దారం ముక్కలు ముడేసుకున్నా చాలు. రెండు రంగులకూ ఒకే రకం దారం ఉండాలి. ఒకటి కాస్త సన్నమైతే ఆ చారలన్నీ ఇరుకై, అంచు రంపంలా తయారవుతుంది.

రంగులు ఎంచేటప్పుడు రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, రెండడుగుల దూరం నుంచి చారలు కలిసిపోతాయి. ఇంకో పరీక్ష, రంగు దిగుతుందేమో చూడటం. ముదురు దారం మూరెడు తడిపి, తెల్లటి గుడ్డలో చుట్టి అరగంట నొక్కి ఉంచండి. గుడ్డకు రంగంటితే ఆ దారాన్ని లేత రంగుతో జత కలపొద్దు. ఉప్పో వెనిగరో వేసి ఆపొచ్చన్న నమ్మకంతో ఎన్నో గంటల పని పణంగా పెట్టకండి.

నమూనా ముక్క

అసలు పని ఇక్కడే ఉంది. 26 చైన్లు వేసి, డబుల్‌తో 15 సెం.మీ. ఎత్తు వచ్చేదాకా అల్లండి. మధ్యలో రెండు మూడు సార్లు రంగు మార్చండి, అసలు టాప్‌లో చేయబోయేదీ అదే కాబట్టి. తర్వాత తడిపి, పిండకుండా తువ్వాలులో నొక్కి, పరిచి ఆరబెట్టండి. ఆరాక పైఅంచుకు క్లిప్పులు పెట్టి, కింది అంచుకు మరో రెండు క్లిప్పులు బరువుగా తగిలించి, ఓ రాత్రంతా వేలాడదీయండి. కాటన్ తన బరువుకు తానే నిలువుగా సాగుతుంది. టాప్ వేసుకున్న రెండో రోజుకు జరిగేది ఈ ముక్కకు ముందే జరిగిపోవాలి.

ఇప్పుడు ముక్క మధ్యలో 10 సెం.మీ. అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరసలు ఉన్నాయో లెక్కించండి. అంచుల దగ్గర కొలవొద్దు, అక్కడ బిగువు వేరుగా ఉంటుంది. మన ఉదాహరణలో 16 కుట్లు, 9 వరసలు వచ్చాయనుకుందాం. మీకు 15 వచ్చినా 17 వచ్చినా తప్పు లేదు, మీ అంకెతోనే లెక్క కట్టండి. ముక్క అట్టలా గట్టిగా ఉంటేనో, ఒళ్ళు కనిపించేంత వదులుగా ఉంటేనో హుక్ మార్చండి. కుట్లు లెక్కించడంలో మాత్రం తొందరపడొద్దు. 16 ఉన్నాయనుకుని 80 కుట్లు వేస్తే, నిజానికి 15 మాత్రమే ఉంటే 50 సెం.మీ. రావాల్సిన ముక్క 53 దాటుతుంది. ముందూ వెనకా కలిపి ఆరు సెం.మీ. పైగా తేడా, అంటే దాదాపు ఒక సైజు.

అదే ముక్కను తూచండి. 15 × 15 సెం.మీ. ముక్క, అంటే 225 చదరపు సెం.మీ., 12 గ్రాములు తూగిందనుకుందాం. మన ఉదాహరణ టాప్ మొత్తం విస్తీర్ణం రిబ్ (కింది అంచున వచ్చే సాగే పట్టీ), అంచులతో కలిపి సుమారు 5,700 చదరపు సెం.మీ. దాన్ని 225తో భాగించి 12తో గుణిస్తే 304 గ్రాములు. నమూనాలు, ఊడదీతలు, దారం కొసల కోసం కాస్త కలుపుకుంటే 350. అంచులన్నీ ఒకే రంగులో వస్తాయి కాబట్టి ఆ రంగు 200 గ్రాములు, రెండోది 150 తీసుకోండి. ఒక్కో రంగు ఉండలన్నిటి మీదా డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేశారని చెప్పే అంకె) ఒకటే ఉండాలి.

కొలతల నుంచి కుట్లకు

ఛాతీ చుట్టుకొలత నిండుగా ఉన్నచోట కొలవండి. టాప్ పిరుదుల మీదికి దిగేట్టయితే అక్కడా కొలిచి, రెండిట్లో పెద్దది తీసుకోండి. దానికి 5 నుంచి 10 సెం.మీ. వదులు కలపాలి. భుజం మీద మెడ మొదలు నుంచి ఛాతీ మీదుగా కావలసినంత పొడవు, పైచేయి లావు, ఇవీ రాసుకోండి.

ఉదాహరణకు ఛాతీ 92, వదులు 8, మొత్తం 100. ఒక్కో ముక్క 50 సెం.మీ. 50ని 16తో గుణించి 10తో భాగిస్తే 80 కుట్లు. పక్క అతుకుల్లోకి చెరొకటి పోతుంది కాబట్టి 82. పొడవు 55లో కింది రిబ్‌కు 5 పోతే 50 మిగిలింది, 9తో గుణించి 10తో భాగిస్తే 45 వరసలు.

వరసల సంఖ్య బేసి కావడం ఇక్కడ కావాలని పెట్టుకున్నదే. చారలు రెండేసి వరసలు. రెండు ముక్కలూ రెండు వరసల చారతోనే ముగిస్తే భుజం మీద ఒకే రంగు నాలుగు వరసలు పేరుకుని దుప్పటి అంచులా కనిపిస్తుంది. చివరి చార ఒక్క వరసే అయితే, ముందు ముక్కలోది, వెనక ముక్కలోది కలిసి భుజం మీద సరిగ్గా రెండు వరసల చార అవుతుంది. మీ లెక్కలో సరి సంఖ్య వస్తే ఒకటి తగ్గించో పెంచో బేసి చేసుకోండి.

రిబ్ నుంచి మొదలు

ముక్క వెడల్పుకు సరిపడా చైన్లు వేసి మొదలుపెట్టొచ్చు గానీ, చైను దాదాపు అందరి చేతిలోనూ బిగుస్తుంది. కింది అంచు ముడుచుకుపోయి, పైన బట్ట గంటలా విచ్చుకుంటుంది. రిబ్‌తో మొదలుపెడితే ఆ బాధే ఉండదు.

అంచుల రంగుతో, 3.5 హుక్‌తో 9 చైన్లు వేయండి. రెండో చైన్ నుంచి సింగిల్, మొత్తం 8. ప్రతి వరస చివరా ఒక చైన్ వేసి తిప్పి, వెనక లూపులో మాత్రమే 8 సింగిల్స్. ఈ పట్టీ లాగకుండా పరిచినప్పుడు 46 సెం.మీ. రావాలి, అంటే ముక్క వెడల్పులో పదోవంతు తక్కువ. అప్పుడే నడుము దగ్గర ఒద్దికగా నిలుస్తుంది.

పట్టీని నాలుగు మడతలు పెట్టి మార్కర్లు వేయండి. 4 మి.మీ. హుక్‌తో పొడవాటి అంచు వెంట 20, 21, 20, 21 చొప్పున 82 సింగిల్స్ వేయండి. ఇక్కణ్ణుంచి అంతా డబుల్.

అంచు నిటారుగా ఉండాలంటే

ప్రతి వరస మొదట్లో రెండు చైన్లు వేసి తిప్పండి. ఆ చైన్లను కుట్టుగా లెక్కపెట్టొద్దు. మొదటి డబుల్ మొట్టమొదటి కుట్టులోనే పడాలి, చివరి డబుల్ చివరి కుట్టులో పడాలి, తిప్పిన చైనులో కాదు. ముక్క పోనుపోను త్రికోణంలా సన్నబడితే మొదటి కుట్టో చివరి కుట్టో తప్పిపోతోందన్నమాట, వెడల్పవుతుంటే తిప్పిన చైనులో కూడా అల్లేస్తున్నారన్నమాట. మొదటి, చివరి కుట్లకు మార్కర్ పెట్టుకుని, ప్రతి నాలుగు వరసలకోసారి 82 ఉన్నాయో లేదో చూసుకోండి. నలభై వరసల తర్వాత తెలిస్తే ఊడదీయడం తప్ప దారి లేదు.

రంగు మార్పు

కొత్తవాళ్ళ చారల దగ్గర అంచులో పాత రంగు చుక్క ఒకటి తొంగి చూస్తుంటుంది. కొత్త రంగును కొత్త వరసలో మొదలుపెట్టడమే కారణం. ఒక కుట్టు నెత్తిన కనిపించే లూపు దాని ముందరి కుట్టు చివరి లాగుడులో పుడుతుంది. అందుకే పాత రంగు చివరి డబుల్‌ను హుక్ మీద రెండు లూపులు మిగిలేదాకా అల్లి, పాత దారం వదిలేసి, ఆ రెండు లూపుల్లోంచి కొత్త రంగును లాగండి. తర్వాతి రెండు చైన్లూ కొత్త రంగులోనే వస్తాయి.

రెండేసి వరసలకు మారుస్తున్నాం కాబట్టి రెండు దారాలూ ఎప్పుడూ ఒకే అంచున దొరుకుతాయి. తెంచనక్కర్లేదు, అంచు వెంట పైకి తీసుకెళ్ళండి. రెండు వరసల ఎత్తు 2.2 సెం.మీ., దారాన్ని అంతకన్నా కొద్దిగా వదులుగా ఉంచండి. బిగలాగితే ఆ ఒక్క అంచు పొట్టిదై, టాప్ ఒక పక్కకు గుంజుతుంది. ఒంటి వరస చారలు కావాలంటే దారం ప్రతిసారీ అవతలి అంచున ఉండిపోతుంది, తెంచి కొసలు దాచుకోవాల్సిందే.

వెనక ముక్క ఇలాగే 45 వరసలు.

ముందు మెడ

మెడ దించకుండా రెండు ముక్కలూ తిన్నగా వదిలేసే పద్ధతి ఉంది. సులువే, కానీ ముందు అంచు గొంతుకు తగిలి టాప్ మొత్తం వెనక్కి జారుతుంది. ఏడు వరసల పని ఎక్కువైనా దించడమే మంచిది.

ముందు ముక్కను 38 వరసలు అల్లండి. 39వ వరసలో మొదటి 25 కుట్లు మాత్రమే తీసుకుని, చివరి రెంటినీ కలిపి ఒకటి చేయండి. తిప్పి, 40లో మెడ వైపు మొదటి రెంటినీ కలపండి. మిగిలిన 23తో 45వ వరస దాకా. తర్వాత మధ్యలో 32 కుట్లు వదిలి, మిగిలిన 25లో మెడ వైపు కొత్త దారం వేసి, మెడ వైపు కుట్లే తగ్గిస్తూ అలాగే అల్లండి. రెండో భుజానికి దారాలు మెడ అంచు వెంట పైకెక్కుతాయి, మెడకు అంచు వేసేటప్పుడు వాటి మీదుగానే అల్లేస్తే కనబడవు.

అతుకులు, అంచులు

అతికించేముందు రెండు ముక్కలూ తడిపి, కొలత ప్రకారం పిన్నులు గుచ్చి, పరిచి ఆరనివ్వండి. అక్రిలిక్ కలిసిన దారమైతే ఇస్త్రీ పెట్టె తగలనివ్వొద్దు, బట్ట జీవం పోయి మళ్ళీ తేరుకోదు.

భుజాలు 23కు 23 కుట్లు, రెండు లూపుల్లోంచీ సూదితో గట్టిగా కుట్టండి. టాప్ బరువంతా అక్కడే పడుతుంది. చంక కోసం పైచేయి 32కు 8 కలిపితే 40, అందులో సగం 20 సెం.మీ., అంటే 18 వరసలు పైనుంచి వదలాలి. కింది 27 వరసలు, రిబ్‌తో సహా, చారకు చార కలుపుతూ పక్కలు కుట్టండి. ముందే చారచారకూ పిన్నీసు పెట్టుకుంటే జారదు.

చంక అంచుకు డబుల్ వరస పక్కన రెండేసి సింగిల్స్ వేస్తారు చాలామంది. 18 వరసలకు 36 అవుతాయి, కావలసినవి 32 మాత్రమే. ఆ మిగులు నాలుగే అంచును కుచ్చులా ముడతలు పెడతాయి. 14 వరసల్లో రెండేసి, మధ్యమధ్య నాలుగు వరసల్లో ఒక్కొక్కటి వేస్తే చదునుగా కూర్చుంటుంది. ముందూ వెనకా కలిపి చుట్టూ 64, 3.5 హుక్‌తో రెండు చుట్లు. పొట్టి చేయి కావాలంటే 4 హుక్‌తో అవే 64 మీద నాలుగు చుట్లు డబుల్ అల్లండి.

మెడకు వెనక 36, ముందు 32, పక్కలకు పన్నెండేసి, మొత్తం 92 సింగిల్స్. రెండో చుట్టులో ముందు మూలల దగ్గర రెండు కుట్లు కలిపేయండి, లేకపోతే ఆ మూలలు బయటికి తిరుగుతాయి. చివరికి దారం కొసలను అదే రంగు చార లోపల మూడు దిక్కులా తిప్పి తీయండి. కాటన్ జారుడు దారం, ఒక్క దిక్కుగా దాచితే ఉతికినప్పుడు బయటికొస్తుంది. ఉతికాక తీగ మీద వేలాడదీయకుండా పరిచే ఆరబెట్టండి.